కోన్ డ్రిప్పర్‌కు ఏ పేపర్ ఫిల్టర్ కొనాలి? కాఫీకి కాగితం వాసన ఎందుకు వస్తోంది?

కొత్తగా 02 సైజు కోన్ డ్రిప్పర్ (కాగితపు ఫిల్టర్ పెట్టి, పొడి మీద వేడినీరు పోసి కాఫీ దించే గరాటులాంటి పాత్ర) కొన్నానని, దానితోపాటు తీసుకున్న గోధుమరంగు ఫిల్టర్లతో కాఫీ పెడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందని, నీరు దిగడానికి ఆరేడు నిమిషాలు పడుతోందని, తెల్లవి కొందామంటే అందులోని రసాయనాలు ఒంట్లోకి పోతాయేమోనని భయంగా ఉందని మీరు రాశారు. ఇత్తడి ఫిల్టర్‌లో తీసిన డికాక్షన్‌కు అలవాటుపడిన ఇంట్లో పెరిగి, కొన్నేళ్ల క్రితం ఈ పద్ధతికి మారినప్పుడు నేనూ సరిగ్గా ఈ మూడు ఇబ్బందులే పడ్డాను. గింజలు బాగా లేవనుకుని రెండు నెలలపాటు గింజలు మారుస్తూ పోయానే తప్ప, కాగితాన్ని అనుమానించాలని నాకు తోచలేదు.

చివరికి తెలిసివచ్చినది ఒక చిన్న పరీక్ష వల్ల. డ్రిప్పర్‌లో ఫిల్టర్ పెట్టి, కాఫీ పొడి వేయకుండా, మరిగి దించిన నీరు సుమారు 200 మిల్లీలీటర్లు దాని మీదుగా పోసి, కింద దిగిన నీటిని గోరువెచ్చగా ఉన్నప్పుడు తాగి చూశాను. నా దగ్గరున్న గోధుమరంగు కాగితం నుంచి దిగిన నీరు నిజంగానే తడి అట్ట రుచిగా ఉంది. రెండోసారి పోసినా ఆ రుచి పూర్తిగా పోలేదు. తెల్ల కాగితం నుంచి దిగిన నీటికీ మామూలు వేడినీటికీ తేడా నాకు దాదాపు తెలియలేదు. ఏ కంపెనీ ఫిల్టర్లు కొన్నా, కట్ట విప్పగానే మొదటి కాగితాన్ని ఈ పరీక్షకు కేటాయించమని మీకు గట్టిగా చెబుతాను. పాలు, పంచదార లేని ఈ కాఫీలో కాగితపు రుచిని కప్పిపుచ్చగలిగినది ఏదీ ఉండదు.

తెలుపు గురించిన భయానికి ఒకప్పుడు కారణం ఉండేది. కాగితాన్ని క్లోరిన్ వాయువుతో తెలుపు చేసినప్పుడు డయాక్సిన్లనే హానికర పదార్థాలు ఏర్పడే అవకాశం ఉండేది. ఇప్పుడు పేరున్న తయారీదారులు చాలావరకు ఆ పద్ధతిని వదిలి ఆక్సిజన్‌తో తెలుపు చేస్తున్నారు; ఆ సంగతి పెట్టె మీదే రాసి ఉంటుంది కాబట్టి, చూసి కొనుక్కుంటే చాలు. గోధుమరంగు కాగితంలో చెట్టు గుజ్జుకు సహజంగా ఉండే పదార్థాలు ఎక్కువగా మిగిలి ఉండటం వల్లనే ఆ వాసన వస్తుంది. అది హానికరమేమీ కాదు, కానీ కాఫీకి మాత్రం పనికిరాదు. ఇప్పటికే కొన్న కట్టను పారేయవద్దు. ఒక్కో కాగితాన్ని కనీసం 300 మిల్లీలీటర్ల వేడినీటితో తడిపి కడిగి వాడుకోండి.

తెల్ల కాగితాన్ని కూడా తడపకుండా వాడకూడదన్నది నా అభిప్రాయం. తడిసిన కాగితం డ్రిప్పర్ గోడకు చక్కగా అమరుతుంది, డ్రిప్పర్, కింది పాత్ర రెండూ వేడెక్కుతాయి. ఆ నీటిని పారబోయడం మరచిపోతే కాఫీ పలచబడుతుంది కాబట్టి, పొడి వేసే ముందు పాత్రను ఒంపి చూసే అలవాటు చేసుకోండి.

మన వంటిళ్లలో మరొక జాగ్రత్త చాలా అవసరం. కాగితం చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. ఒకసారి నేను విప్పిన కట్టను పోపుల పెట్టె ఉన్న అరలోనే ఉంచాను. పది రోజుల తర్వాత పెట్టిన కాఫీ ఇంగువ వాసన కొట్టింది, ఎన్నిసార్లు తడిపినా ఆ కట్ట బాగుపడలేదు. అప్పటి నుంచి ఫిల్టర్లను మూత గట్టిగా పట్టే డబ్బాలో, వంటింటి బయట ఉంచుతున్నాను.

ఇక ఆకారం విషయం. ఈ పద్ధతి పుట్టిందే కాగితంతో: 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి, కాఫీలో మడ్డి రాకుండా చేయడానికి, రంధ్రాలు పెట్టిన ఇత్తడి గిన్నెలో తన కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితాన్ని పరిచి కాఫీ వడకట్టారు. ఆమె పేరుతో వచ్చే ఫిల్టర్లకు అడుగు సన్నని గీతలా ఉంటుంది. హారియో వీ60 వంటి కోన్ డ్రిప్పర్లకు కావలసినది అడుగున మొనదేలిన కాగితం. ఒకదానికి బదులు మరొకటి పెడితే ముడతలు పడి, నీరు పొడిలోంచి కాకుండా పక్కల నుంచి జారిపోతుంది. కోన్ కాగితానికి అతుకు ఉన్న అంచును మొదట మడిచి, ఆ తర్వాతే విప్పి డ్రిప్పర్‌లో కూర్చోబెట్టాలి. కెమెక్స్ అనే గాజు కాఫీ పాత్రకు వాడే కాగితం మామూలు ఫిల్టర్ల కంటే బాగా మందం. మీకు దాని అవసరం లేదు.

నీరు దిగడం ఆలస్యమవుతోందన్న మీ ఫిర్యాదులో మాత్రం తప్పు కాగితానిది కాకపోవచ్చు. మీరు వాడుతున్నది దుకాణంలో మర పట్టించిన ఫిల్టర్ కాఫీ పొడి అయితే, అది ఈ పద్ధతికి మరీ మెత్తన, పైగా అందులో చికోరీ కలిసి ఉంటే నీరు తగలగానే జిగటగా మారి కాగితం రంధ్రాలను మూసేస్తుంది. చికోరీ లేని పొడిని దాదాపు బొంబాయి రవ్వంత బరకగా పట్టించండి. నేను 15 గ్రాముల అరకు అరబికా పొడికి 240 గ్రాముల నీరు, సుమారు 93 డిగ్రీల వేడిలో వాడతాను. మొదట 45 గ్రాముల నీరు పోసి, పొడి పొంగి గాలి బయటికి పోయేలా 40 సెకన్లు ఆగి, మిగిలిన నీటిని సన్నని ధారగా మూడు విడతల్లో మధ్య నుంచి పోస్తాను. గోడల మీద పోయడం, పొడిని గట్టిగా కలియబెట్టడం వంటివి చేస్తే పొడిలోని మెత్తని నలక వెళ్లి కాగితానికి పట్టుకుంటుంది. అవి చేయకుండా నెమ్మదిగా పోస్తే మొత్తం మూడు నిమిషాలలో, లేదా అంతకు కొంచెం అటూఇటూగా పూర్తవుతుంది.

కాగితం వల్ల కాఫీ పలచగా, తేటగా వస్తుంది. గింజలోని నూనెలు చాలావరకు కాగితంలోనే ఆగిపోవడం దీనికి కారణం. వాటితోపాటు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే కెఫెస్టాల్, కాహ్వియోల్ అనే పదార్థాలు కూడా ఆగిపోతాయి. లోహపు జల్లెడ వాటిని ఇంతగా ఆపలేదు. ఈ కారణంగానే మా నాన్నగారికి ఉదయం కాఫీ నేను కాగితంతోనే పెడుతున్నాను. మా అమ్మ మాత్రం పాలు పోస్తే ఇది నిలబడదని మొదటి రోజే చెప్పింది, ఆ మాట నిజం. పాల కాఫీకి ఇత్తడి ఫిల్టరే సరైనది.

ఒకసారి వాడిన కాగితాన్ని కడిగి మళ్లీ వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. నేను ప్రయత్నించాను, రెండోసారికి అందులో పాత నూనె కమురు వాసన వచ్చింది. పొడితో సహా దానిని ముక్కలు చేసి కరివేపాకు కుండీలో మట్టికింద కప్పేస్తున్నాను. మీరు ముందుగా 02 సైజు తెల్ల ఫిల్టర్ల చిన్న కట్ట ఒకటి తెచ్చుకుని, వేడినీటి పరీక్ష చేసి, పొడిని బరకగా పట్టించి చూడండి; అప్పటికీ నీరు నాలుగు నిమిషాలు దాటితే, పొడిని మరికాస్త బరకగా మార్చండి, కాగితాన్ని మార్చవద్దు.