పక్షవాతం తర్వాత మామగారు వేరే మనిషైపోయారు, కావాలనే చేస్తున్నారా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అయిదు నెలల క్రితం మీ మామగారికి ఎడమపక్క పక్షవాతం వచ్చింది. ఇప్పుడు పళ్ళెంలో సగం అన్నం వదిలేస్తున్నారు. ఎవరైనా పలకరిస్తే చాలు భోరున ఏడుస్తున్నారు, సాయంత్రమయ్యేసరికి మీ మీద కేకలేస్తున్నారు. కాలు నిలవకపోయినా "నాకేం కాలేదు" అంటూ లేవబోయి పడుతున్నారు. "కావాలనే నన్ను సాధిస్తున్నారా, ఇలా ఎన్నాళ్ళు?" అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. మూడేళ్ళ క్రితం మా నాన్నకి అచ్చం ఇలాగే మెదడులో కుడివైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను. చాలావరకు కావాలని చేసేది కాదు. "చాలావరకు" అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

నాన్న తెనాలిలో టైలర్. నలభై ఏళ్ళు చొక్కాలూ ప్యాంట్లూ కుట్టారు. ఆది చొక్కా తీసుకురాకపోయినా మనిషిని ఓసారి ఎగాదిగా చూసి భుజం కొలత చెప్పేసేవారు. ఆ రోజు పొద్దున్న మొహం కడుక్కుంటుంటే ఎడమ చేతిలోంచి మగ్గు జారిపోయింది. "చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా, తిమ్మిరెక్కినట్టుంది" అని మళ్ళీ వెళ్ళి పడుకున్నారు. మెదడుకి తన నొప్పి తనకి తెలీదు. రక్తం అందక లోపల కణాలు చచ్చిపోతున్నా గుండెపోటులాగా మనిషిని మెలిపెట్టదు. అందుకే ఇంట్లో ఎవరికీ కంగారు పుట్టలేదు. వీధి చివర ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. ఒక చుట్టం పావురం రక్తం పూయమని ఫోన్ చేశాడు. గుంటూరు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. వైద్యం అందని ఒక్కో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని తర్వాత ఎక్కడో చదివి, ఆ సెలైన్ బాటిల్ చుక్కచుక్కగా పడటం తల్చుకుని చాలా రాత్రులు నిద్రపోలేదు. మీకు ఇది ఇప్పుడు పనికిరాదు, కానీ చదివేవాళ్ళలో ఎవరికైనా ఉపయోగపడొచ్చు. మూతి వంకరపోయినా, చెయ్యి పైకెత్తితే జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక పళ్ళెం సంగతి. నాన్న ఇంటికొచ్చిన మొదటివారం అమ్మ దొండకాయ వేపుడు ఎడమపక్క వేసి, కుడిపక్క అన్నం, పప్పు పెట్టింది. ఆయన పప్పన్నం తినేసి చెయ్యి కడిగేసుకున్నారు. మర్నాడు బెండకాయ, ఆ మర్నాడు వంకాయ, అన్నీ అలాగే మిగిలాయి. అమ్మ వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ వంకలు పెట్టకుండా తిన్నారు, ఇప్పుడు నా చేతివంట చేదైపోయింది" అంది. నాలుగో రోజు మా చిన్నమ్మాయి ఆడుకుంటూ వచ్చి పళ్ళేన్ని గిర్రున తిప్పింది. నాన్న కిందకి చూసి, "కూర ఉంటే చెప్పవేమే?" అని అమ్మని కసురుకుని మొత్తం తినేశారు.

కళ్ళు బాగానే ఉన్నాయి. కంటి డాక్టర్ కూడా అదే అన్నాడు. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి ఎడమవైపు ప్రపంచం ఒకటుందన్న ధ్యాసే ఉండదట. చూపు పోయినవాడికి చూపు పోయిందని తెలుస్తుంది, తల తిప్పి వెతుక్కుంటాడు. ధ్యాస పోయినవాడు వెతకడు, ఎందుకంటే అతని లెక్కలో అక్కడ ఏమీ లేదు. ఫిజియోథెరపిస్టు ఒక కాగితమిచ్చి నాన్నని చొక్కా బొమ్మ గీయమంది. జన్మంతా సుద్దముక్కతో చొక్కాలు గీసిన మనిషి. కాలరు సగం, కాగితం కుడివైపున్న భుజం, ఒక చెయ్యి, అంచు గీసి పెన్సిల్ కింద పెట్టేశారు. "అయిపోయిందా మాస్టారూ?" అంటే "అయిపోయింది, కాజాలు కూడా పెట్టమంటావా?" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

1978లో ఇటలీలోని మిలాన్‌లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి రోగుల్ని వాళ్ళ ఊరి పెద్ద చర్చి ముందున్న కూడలిని ఊహించుకుని వర్ణించమన్నారు. ఒక చివర నిలబడినట్టు అనుకోమంటే కుడివైపు భవనాలే చెప్పారు. ఎదుటి చివర నుంచి చూస్తున్నట్టు అనుకోమంటే ఇందాక వదిలేసినవే వరసగా చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. జ్ఞాపకంలో ఊరంతా ఉంది, కాని మనసులో నిలబడ్డ చోటు నుంచి కుడిపక్కే కనిపించింది. నాకు నమ్మకం కుదరక నాన్న మీద ప్రయత్నించాను. "మన కొట్టు నుంచి స్టేషన్ వైపు నడుస్తున్నావనుకో, దుకాణాలు వరసగా చెప్పు" అన్నాను. మందుల షాపు, బంగారం కొట్టు, స్వీట్ల దుకాణం, ఇలా కుడిచేతివైపువి తడుముకోకుండా చెప్పారు. "ఇప్పుడు స్టేషన్ నుంచి వెనక్కి రా" అన్నాను. గుడ్డల షాపు, సైకిల్ షాపు, తనకి ముప్పై ఏళ్ళు దారాలూ గుండీలూ అమ్మిన ఫ్యాన్సీ కొట్టు అప్పుడొచ్చాయి. నాకు ఒళ్ళు జలదరించింది.

"నాకేం కాలేదు" అనడం కూడా ఇందులో భాగమే. మొండితనమూ పరువుకోసం ఆడే అబద్ధమూ అనుకున్నాం మేం కూడా. తన శరీరంలో ఏది పనిచేయడం లేదో లెక్క చూసుకునే చోటే దెబ్బతింటే, లోపం ఉందన్న కబురే మనిషికి అందదు. ఒక రాత్రి రెండింటికి నాన్న కేక విని పరుగెత్తాను. "మంచం మీద ఎవరిదో చెయ్యి ఉందిరా, తీసెయ్!" అంటున్నారు. అది ఆయన ఎడమ చెయ్యే. వాదించకండి. నేను వాదించి ఆ రాత్రంతా ఇద్దరికీ నిద్ర లేకుండా చేశాను. ఆ తర్వాత ఎప్పుడైనా అలా అంటే లైటు వేసి, ఆ చేతిని ఆయన కుడిచేతిలో పెట్టి, భుజం దాకా నిమరమనేవాణ్ణి. చాలాసార్లు అదే సర్దుకునేది. లేవకుండా ఆపడానికి మాత్రం మాటలు చాలవు. రాత్రిపూట మంచం పక్కన ఎవరో ఒకరు పడుకోవాల్సిందే.

ఏడుపు గురించి చెప్తాను, ఎందుకంటే మమ్మల్ని ఎక్కువ కుంగదీసింది అదే. పాలవాడు "ఎలా ఉన్నారు మాస్టారూ" అంటే ఏడుపు. టీవీలో సబ్బు ప్రకటనలో చంటిపిల్ల నవ్వితే ఏడుపు. అది సరే అనుకుంటే, మా పెద్దనాన్న పెదకర్మ రోజు అందరి మధ్యా కూర్చుని పకపకా నవ్వడం మొదలుపెట్టారు. ఒకవైపు నవ్వుతూనే, "నన్ను బయటికి తీసుకుపోరా" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ కళ్ళలో నవ్వు లేదు, సిగ్గుతో చచ్చిపోతున్న మనిషి ఉన్నాడు. చుట్టాలు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

న్యూరాలజిస్టు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నవ్వుకీ ఏడుపుకీ కావలసిన మొహం కదలికలు, ఊపిరి, గొంతు అన్నీ కలిపి నడిపించేది మెదడు అడుగుభాగం. పైభాగం దాన్ని అదుపులో పెడుతుంది. ఆ రెండింటి మధ్య తీగలు తెగితే చిన్న కదలికకే కట్ట తెగినట్టు పొంగిపోతుంది. లోపల అంత దుఃఖం ఉండాలనేం లేదు. ఆయన ఇచ్చింది డిప్రెషన్‌కి వాడే మాత్రే, తక్కువ డోసులో. నెల తిరిగేసరికి పాలవాడితో మామూలుగా మాట్లాడగలిగారు. మీ మామగారి డాక్టర్‌కి ఏడుపు సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. కాలూ చెయ్యీ గురించే చెప్పి వచ్చేస్తాం అందరం. తప్పకుండా చెప్పండి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. నిజమైన డిప్రెషన్ వేరే ఉంటుంది, పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి వస్తుంది. రోజంతా దిగులు, తిండి మీద ధ్యాస లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, "నేనెందుకు బతికి" అనే మాటలు ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. రెండూ కలిసి కూడా రావచ్చు. తేల్చాల్సింది డాక్టరే.

కేకలు సాయంత్రమే ఎక్కువన్నారు కదా. మా ఇంట్లోనూ అంతే. మెదడు బరువు కిలోన్నరకి మించదు, ఒంటి బరువులో రెండు శాతం, కానీ శరీరం వాడే శక్తిలో అయిదోవంతు అదే తినేస్తుంది. అందులో కొంత పోతే మిగతాది ప్రతి చిన్న పనికీ రెట్టింపు కష్టపడాలి. చొక్కా తొడుక్కోవడం మనకి పనేకాదు, ఆయనకి అది అరపూట చాకిరీ. మేం పలకరింపులకొచ్చేవాళ్ళని పొద్దున పదింటికే రమ్మన్నాం, మధ్యాహ్నం గంటన్నర గది చీకటి చేసి పడుకోబెట్టాం, టీవీ పెట్టినప్పుడు పక్కన మాటలు ఆపేశాం. సగానికి సగం గొడవలు తగ్గాయి.

మనిషే మారిపోయాడు అని రాశారు. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుదారి కోసం బండలు పేలుస్తుంటే ఫినియస్ గేజ్ అనే ఫోర్‌మన్ తలలోంచి మూడున్నర అడుగుల ఇనపకడ్డీ దూసుకుపోయింది. ప్రాణం దక్కింది గానీ, నెమ్మదస్తుడనుకున్నవాడు బూతులు తిట్టడం, పెట్టుకున్న పని వదిలేయడం చూసి స్నేహితులు "ఇతను మన గేజ్ కాదు" అన్నారని వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాశాడు. చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. తర్వాత అదే గేజ్ చిలీ వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రపుబగ్గీ నడిపాడు. రోజూ ఒకే వేళకి లేవడం, ఒకే దారి, ఒకే పని. అలాంటి క్రమం ఉన్నప్పుడు దెబ్బతిన్న మెదడు కూడా ఒక దారిలో పడుతుందని నాకు నాన్నని చూస్తే అనిపిస్తుంది. మా ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు పళ్ళేనికి ఎడమ అంచున ఎర్రటి టేపు అంటించాం, ఎర్రది కనిపించేదాకా తల తిప్పాలి, అదీ నియమం. తర్వాత నాన్నే తన చొక్కాల ఎడమ అంచుకి ఎర్ర పైపింగ్ వేయించమన్నారు, దారం రంగు కూడా తనే ఎంచారు.

"చాలావరకు" దగ్గరికొస్తున్నా. ఇదంతా తెలిశాక మా అన్నయ్య ప్రతిదానికీ మెదడునే చూపించడం మొదలుపెట్టాడు. నాన్న ఏదైనా అంటే నవ్వేసి ఊరుకునేవాడు. ఒక రోజు ఫోన్‌లో ఎవరితోనో "ఆయన మాటలు పట్టించుకోకండి, బ్రెయిన్ దెబ్బతింది కదా" అన్నాడు. నాన్న పక్కగదిలో విన్నారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నన్ను కూర్చోబెట్టి, "కొట్టు అద్దెకిచ్చేశారు. నన్నొక్క మాట అడిగారా? ఆ కోపం కూడా రోగమేనా?" అన్నారు. కుట్టుమిషన్లు తీయించి, సంతకం కోసం మాత్రమే కాగితం ఆయన ముందు పెట్టాం. ఆ కోపం నూటికి నూరుపాళ్ళూ మా నాన్నదే. మీ మామగారి కేకల్లో కూడా అలాంటివి కొన్ని ఉండొచ్చు, అలిసిపోని వేళ చూసి అడగండి. నిన్నమొన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషికి కోడలి చేత స్నానం చేయించుకోవడం కూడా ఒక బాధే. వీలుంటే ఆ పని మీవారో, డబ్బిచ్చి పెట్టుకున్న మగమనిషో చూస్తే మీ ఇద్దరికీ సుఖం.

మీ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదని. మా అమ్మ కూడా అలాగే దాచింది, చివరికి ఆమె బీపీ కూడా పెరిగింది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, వాళ్ళ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఎన్నాళ్ళు అంటే, మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు తొందరగా కనిపిస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా వస్తుంది, కానీ ఆగిపోదు. మూడేళ్ళ తర్వాత నాన్న కర్ర పట్టుకుని వీధి చివరికి వెళ్ళొస్తున్నారు. ఎడమ చేతివేళ్ళు సరిగా రాలేదు, మిషన్ ఎక్కలేదు. పక్కింటి కుర్రాళ్ళు కుట్టించుకున్న చొక్కాలు తెచ్చి చూపిస్తే తప్పులు పడతారు, ఎడమ జేబు దాకా చూపు వెళ్ళడానికి రెండు క్షణాలు ఎక్కువ పడుతుంది. గడ్డం గీసుకున్నప్పుడు ఎడమ చెంప మీద ఇప్పటికీ కాస్త మిగిలిపోతుంది. అమ్మ "ఎర్రది, ఎర్రది" అంటుంది. ఆయన అద్దంలో తల తిప్పి, అది చూసుకుని, మళ్ళీ సబ్బు రాసుకుంటారు.