పచ్చికలో ఎండిన మచ్చలకు పురుగే కారణమా?

ఇంటి పచ్చికలో అక్కడక్కడా గడ్డి ఎండిపోతోందని, ఏ పురుగుమందు చల్లాలో చెప్పమని అడిగారు. మందు కొనడానికి ముందు కారణం పురుగేనని నిర్ధారించుకోవడం చాలా అవసరం, ఎందుకంటే నీటి ఎద్దడి, తెగుళ్లు కూడా ఇటువంటి మచ్చలనే కలిగిస్తాయి.

ఎండిన భాగం అంచున గడ్డిని పట్టుకుని లాగి చూడండి. అది చాపలా సులభంగా పైకి లేచి వస్తే, మట్టిలో ఉండి వేర్లను కొరికే తెల్లని వేరుపురుగులు, అంటే పెంకు పురుగుల లార్వాలు, ఉన్నాయని అనుమానించాలి. ఒక చదరపు అడుగు మేర 2, 3 అంగుళాల లోతు తవ్వి లెక్కపెట్టండి. ఒకటి రెండు ఉంటే ఆరోగ్యమైన గడ్డి తట్టుకుంటుంది. 10 దాటితే చర్య తప్పదు. ఆకులు తినే గొంగళి పురుగులైతే, 4 లీటర్ల నీటిలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపి ఒక చదరపు గజంపై పోసినప్పుడు కొద్ది నిమిషాలలో పైకి వస్తాయి.

వేరుపురుగులు చిన్నవిగా ఉన్నప్పుడే మందు బాగా పనిచేస్తుంది. కొన్ని రసాయనాలు వానపాములకు, తేనెటీగలకు హాని చేస్తాయి కనుక, వేరుపురుగుల శరీరంలోకి చొరబడి చంపే హెటెరోరాబ్డిటిస్ అనే సూక్ష్మ నులిపురుగులనే నేను మొదట సూచిస్తాను. ఎండకు అవి చనిపోతాయి కాబట్టి సాయంత్రం వేళ, తడిపిన నేలపై చల్లాలి.