బ్లడ్ బౌల్‌లో చెస్ ఓపెనింగ్స్ పనికొస్తాయా?

చెస్ ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) వెనకున్న ఆలోచన బ్లడ్ బౌల్‌లో బాగా పనికొస్తుంది, బట్టీ పట్టిన ఎత్తుల వరస మాత్రం పనికిరాదు.

చెస్‌లో గుర్రాన్ని కదిపితే కదిలినట్టే. జట్టుకు 11 బొమ్మలతో, పాచికలతో ఆడే ఈ అమెరికన్ ఫుట్‌బాల్ తరహా ఆటలో ఆ హామీ లేదు. మీ వంతులో మీ ఆటగాడే కింద పడ్డాడంటే వంతు అక్కడితో ఆఖరు. ఇంకా కదలని వాళ్లంతా ఉన్నచోటే మిగిలిపోతారు. కాబట్టి ఇక్కడ ఓపెనింగ్ అంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం. పాచిక అక్కర్లేని కదలికలు ముందు కానిచ్చేసి, టెన్షన్ పెట్టేవి చివరికి ఉంచాలి.

ఉదాహరణకి, మొదటి వంతులో ప్రత్యర్థి ఆటగాళ్ల మీద రెండు దెబ్బలు వేసే వీలుందనుకోండి. ‘బ్లాక్’ నైపుణ్యం ఉన్నవాడు రెండు పాచికలతో కొడుతూ, ఫలితం ఎంచుకునే హక్కు మీదే అయితే, రెండింటి మీదా పుర్రె (కొట్టినవాడే పడిపోయే గుర్తు) పడితేనే చెడుతుంది: 36లో 1. ఆ నైపుణ్యం లేనివాడు ఒకే పాచికతో కొడితే, పుర్రెతో పాటు ‘ఇద్దరూ పడతారు’ అన్న గుర్తు కూడా ముప్పే: 6లో 2. తేడా చాలా పెద్దది. మొదటివాడితోనే మొదలుపెట్టండి.

‘పాచికల ఆట కదా, అంతా అదృష్టమే’ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కిక్‌కి ముందు ఆటగాళ్లను నిలబెట్టడంలో పాచికే ఉండదు: మధ్యగీత దగ్గర కనీసం ముగ్గురు, మైదానం అంచుల్లోని ఒక్కో పక్క పట్టీలో ఇద్దరికి మించకూడదు, అంతే. పైగా బంతి తన్నే జట్టే ముందు నిలబెట్టాలి. అందుకునే జట్టు అది చూసుకుని తన వ్యూహం పన్నుకుంటుంది.