విండోస్ తీసేసే ముందు

చిన్నా,

విండోస్ పీకేసి లినక్స్ వేసుకుని, గేములు కూడా అందులోనే ఆడతావట. సన్యాసం పుచ్చుకుంటున్నావన్నంత దిగులుగా చెప్పింది మీ అమ్మ ఫోన్లో. నాకు మాత్రం ముచ్చటేసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కాలం చెల్లింది, నీ పాత ప్రాసెసర్‌ని 11 ఒప్పుకోదు. అయినా కొత్తది కొనిపెట్టమని మీ నాన్న ప్రాణం తియ్యలేదు చూడు, అదీ.

మింట్‌ని (లినక్స్‌లో ఒక రకం) పెన్‌డ్రైవ్‌లో పెట్టి ముందు లైవ్‌గా, అంటే డిస్క్‌లో వెయ్యకుండానే, నడుపు. వైఫై, సౌండ్ వస్తే చాలు. నీది ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ కోసం వెతుక్కునే పని లేదు.

ఇక అసలు సంగతి. మీ బాబాయి ల్యాప్‌టాప్ ఏమైందో నీకెవరూ చెప్పి ఉండరు, వాడు చెప్పనివ్వడు. వాడికీ ఇదే సరదా పుట్టింది. పెన్‌డ్రైవ్ బూట్ కావట్లేదని సెక్యూర్ బూట్ (గుర్తింపు లేనిదాన్ని బూట్ కానివ్వని కాపలా) ఆపాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, కనబడిందల్లా కెలికి, టీపీఎం (డిస్క్ తాళంచెవిని దాచుకునే చిప్) క్లియర్ కూడా నొక్కేశాడు. మళ్లీ విండోస్ తెరిస్తే నీలం తెర, 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది. డిస్క్‌కి తాళం పడి ఉందనే వాడికి తెలీదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో అది దానంతటదే పడిపోతుంది, కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ తెరిచిందేమో అమ్మిన షాపు కుర్రాడు, తన ఫోన్ నంబరుతో. ఆ కుర్రాడు షాపు మానేసి ఎటో వెళ్లిపోయాడు. పాప బారసాల ఫొటోలన్నీ అందులోనే. రాత్రి నాకు ఫోన్ చేసి "అక్కా, నువ్వు తియ్యగలవు కదా" అన్నాడు. ల్యాబ్‌లో ఇన్నేళ్లు పనిచేశాను కదా, నా వల్ల కానిది లేదనుకున్నాడు పిచ్చి తమ్ముడు. తాళం తీసే దారి ఎవరి దగ్గరా లేదురా. డిస్క్ తుడిచేశాం.

అందుకని బయోస్ జోలికి పోకముందే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ బిట్‌లాకర్ తాళమే) ఉందేమో చూడు. ఉంటే కీని కాగితం మీద రాసుకో. ఫోన్లో ఫొటో తీశానంటే ఒప్పుకోను. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి తీసి, రెండు మూడు తెరిచి చూసుకో. లినక్స్‌కి వేరే ఎస్ఎస్‌డీ పెట్టు. వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ ఊడదీసి పక్కన పడెయ్. భయస్తురాలినని నవ్వుకుంటే నవ్వుకో.

గేముల సంగతి నీకే ఎక్కువ తెలుసు. 2018లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ, విండోస్ గేముల్ని లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ తెచ్చాక ఈ కష్టం సగం తీరింది. గేమ్ విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్3డీలో అడిగినదాన్ని అది లినక్స్‌కీ తెలిసిన వల్కన్‌లోకి మార్చి కార్డుకి అందిస్తుంది. మొదట్లో షేడర్లు (కార్డు బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యేదాకా కాస్త తడబడుతుంది, అంతలోనే తిట్టి తీసెయ్యకు. పాత ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ పద్ధతి) డ్రైవ్‌లోని గేముల్ని అక్కణ్నుంచే నడపాలని చూడకు, మళ్లీ దించుకో. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌లోనే నడుస్తాయి. వాలొరంట్ మాత్రం రాదు, దాని వాన్‌గార్డ్ (ఆటలో మోసాల్ని పట్టే ప్రోగ్రాం) ఒప్పుకోదు. అపెక్స్ లెజెండ్స్ నడిచేది, 2024 చివర్లో వాళ్లే తలుపు మూసేశారు. నీ స్నేహితులంతా వాలొరంట్ ఆడతారన్నావుగా? అయితే ఆ విండోస్ డిస్క్ తుడవకు. వాళ్లతో ఆడే రోజు అందులోకి వెళ్లు. దానికి నామోషీ ఎందుకు?

పరీక్షలయ్యాక మొదలుపెట్టు. బయటి డిస్క్ కొనకు, నా దగ్గరొకటి ఖాళీగా ఉంది, మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను. ఇన్‌స్టాలర్‌లో ఏ డిస్క్ అని అడిగే తెర వస్తుంది చూడు, అక్కడ ఆగి నాకు వీడియో కాల్ చెయ్. రాత్రి పదకొండైనా ఎత్తుతాను.

నీ
అత్త