టెక్సస్‌లో మన ప్రాపర్టీ టాక్స్ వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఎందుకు పోతుంది?

ప్లేనో, ఆస్టిన్ లాంటి చోట్ల ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది అడిగే ప్రశ్నే ఇది. ముందు ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) ఎంత డబ్బు రావాలో ఎలా లెక్క వేస్తారో చూడండి. ప్రతి విద్యార్థికీ రాష్ట్రం ఒక కనీస మొత్తం నిర్ణయిస్తుంది (2019 నుంచి 6,160 డాలర్లు, 2025లో ఇంకో 55 పెంచారు), దాని మీద పిల్లల అవసరాన్ని బట్టి అదనం కలుపుతారు: పేద కుటుంబాల పిల్లలకి సుమారు 22 నుంచి 27 శాతం, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటూ ద్విభాషా బోధనలో ఉన్నవాళ్లకి 10 శాతం, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి వేరే లెక్క. చిన్న డిస్ట్రిక్టులకి ఖర్చు ఎక్కువ కాబట్టి వాటికీ కొంత. ఇక్కడ పిల్లల సంఖ్య అంటే పేరు నమోదైనవాళ్లు కాదు, సగటున రోజూ బడికి వచ్చేవాళ్లు.

ఇలా తేలిన మొత్తంలో స్థానిక ప్రాపర్టీ టాక్స్‌తో రానిది రాష్ట్రం ఇస్తుంది. ఎక్కువ వస్తే మిగులు వెనక్కి తీసుకుంటుంది, 1993 నుంచి ఇదే పద్ధతి, ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకి పంచే కథానాయకుడి పేరుతో జనం దీన్ని 'రాబిన్ హుడ్' అంటారు.

చిక్కేంటంటే, ఇది చూసేది ఆస్తుల విలువని, అక్కడి జనం జీతాలని కాదు. అందుకే పేద పిల్లలే ఎక్కువగా ఉన్న హ్యూస్టన్ డిస్ట్రిక్ట్ కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది. పైగా ఆ డబ్బు నేరుగా ఏదో పేద డిస్ట్రిక్ట్ చేతికి చేరదు, రాష్ట్రం స్కూళ్ల ఖాతాలో కలుస్తుంది, దాంతో రాష్ట్రం సొంతంగా పెట్టాల్సిన వాటా తగ్గుతుంది. నాకైతే అసలు కోపం రావాల్సింది ఇక్కడే అనిపిస్తుంది.