లీవర్ రాయిలా ఉంది, బండి మాత్రం ఆగదు: పాత బండి ముందు డిస్కు బ్రేకు సంగతి

మీరు అడిగింది ఇది: 70ల నాటి బండి, ముందు ఒకటే డిస్కు, సింగిల్ పిస్టన్ కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం). లీవర్ గట్టిగా ఉంది, ఎంత నొక్కినా బండి తీరిగ్గానే ఆగుతోంది. పెద్ద డిస్కు, నాలుగు పిస్టన్ల కాలిపర్ కొనాలా?

ఇప్పుడే కొనకండి. లీవర్ గట్టిగా ఉండటం బ్రేకు బలానికి గుర్తు కాదు. చాలాసార్లు అది మాస్టర్ సిలిండర్ (లీవర్ దగ్గర ఉండి ఆయిల్‌ని కాలిపర్‌కి తోసేది) అవసరానికి మించి లావుగా ఉందని చెబుతుంది, లేదా కాలిపర్ పట్టేసిందని చెబుతుంది. ఆ రెండూ చూడకుండా డిస్కు మారిస్తే కొత్త సామానుకి కూడా పాత జబ్బే అంటుకుంటుంది.

1969లో వచ్చిన హోండా సీబీ750 ముందు డిస్కు వ్యాసం 296 మి.మీ. ఆ సైజు ఈ రోజుకీ చిన్నదేం కాదు. అప్పటి బండ్లలో వెనకబడినవి డిస్కుని నొక్కే ఏర్పాటు, ప్యాడ్ల మెటీరియల్, రబ్బరు హోసు. పని కూడా అదే వరసలో చేయాలి. ముందు ఉన్నదాన్ని ఆరోగ్యంగా చేయడం, తర్వాత హైడ్రాలిక్ నిష్పత్తి, ఆ తర్వాత ప్యాడ్లు. కాలిపర్, డిస్కు మార్చడం చిట్టచివర.

కాలిపర్‌తో మొదలుపెట్టండి. హోసు విప్పకముందే కాలిపర్‌ని డిస్కు మీద నుంచి తీసి, ప్యాడ్లు తీసేసి, కింద పళ్లెం పెట్టుకుని లీవర్‌ని మెల్లగా కొట్టండి. పిస్టన్ బ్రేక్ ఆయిల్ ఒత్తిడికే బయటకు వస్తుంది. కంప్రెసర్ గాలి పెడితే పిస్టన్ తూటాలా ఎగిరి వేళ్లు చితికే ప్రమాదం ఉంది. తప్పనిసరైతే ఎదురుగా చెక్క ముక్క అడ్డం పెట్టి, చేతులు దూరంగా ఉంచి, గాలి కొద్దికొద్దిగా వదలాలి. పిస్టన్ క్రోమ్ మీద గోరు తగిలే గుంటలుంటే రుద్దడం వల్ల లాభం లేదు, స్టెయిన్‌లెస్ పిస్టన్ వేయాలి.

చాలామంది పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు కొత్తది వేసి సరిపెట్టుకుంటారు. అసలు జబ్బు సీలు వెనక గాడిలో ఉంటుంది. అల్యూమినియం తుప్పు తెల్లటి పొడిలా అక్కడ గట్టిపడి సీలుని పిస్టన్ మీదికి నొక్కుతుంది. సీలు అడ్డకోత చతురస్రంగా ఉంటుంది. పిస్టన్ ముందుకు వెళ్లినప్పుడు అది కొంచెం మెలిపడి, లీవర్ వదలగానే మళ్లీ సర్దుకుని పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఈ కాలిపర్లో వేరే స్ప్రింగు లేదు, ఆ రబ్బరే స్ప్రింగు. గాడిలో తుప్పు ఉంటే ఆ మెలి కుదరదు. పిస్టన్ బిగుసుకుంటుంది, ప్యాడు డిస్కుని వదలదు. ఇత్తడి కొక్కెంతోనో గట్టి చెక్కపుల్లతోనో గాడి మూలలు కూడా శుభ్రం చేయండి. ఉక్కు పనిముట్లతో గీకితే గాడి అంచు పోతుంది. కొత్త సీళ్లకి తాజా బ్రేక్ ఆయిల్ గానీ ఎర్ర రబ్బర్ గ్రీజు గానీ రాయాలి. పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు తగిలితే సీలు ఉబ్బి పనికిరాకుండా పోతుంది.

సింగిల్ పిస్టన్ కాలిపర్ పక్కకు జరిగితేనే రెండో ప్యాడు పనిచేస్తుంది. ఎవరినైనా లీవర్ నొక్కమని చెప్పి, బండి ముందు కూర్చుని డిస్కునే చూడండి. నొక్కినప్పుడల్లా డిస్కు ఒక పక్కకు వంగుతుంటే కాలిపర్ జరిగే పిన్నులో, అది తిరిగే పివటో పట్టేసినట్టే. రెండు ప్యాడ్లలో ఒకటే అరిగినా అర్థం అదే. పిన్నులు ఎమరీతో మెరిసేలా చేసి, వేడి తట్టుకునే సిలికాన్ బ్రేక్ గ్రీజు పట్టించండి. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ దుమ్ముని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడిచేయండి.

ఇక మాస్టర్ సిలిండర్. రిజర్వాయర్ (దాని మీది ఆయిల్ డబ్బా) అడుగున రెండు రంధ్రాలుంటాయి. వాటిలో ఒకటి సూదిమొన అంత. మూత తీసి లీవర్‌ని కొద్దిగా కదిపితే ఆ చిన్న రంధ్రం నుంచి ఆయిల్ సన్నగా పైకి ఉబుకుతుంది. కళ్లకి దూరంగా ఉంచుకుని చూడండి. ఉబకకపోతే రంధ్రం మూసుకుందనో, పిస్టన్ పూర్తిగా వెనక్కి రావడం లేదనో అనుకోవాలి. ఇది చిన్న లోపంలా కనిపిస్తుంది కానీ చాలా ప్రమాదం. ఆయిల్ వేడెక్కి వ్యాకోచించినప్పుడు వెనక్కి పోయే దారి అదొక్కటే. అది లేకపోతే లీవర్ ముట్టకుండానే బ్రేకు క్రమంగా పట్టుకుంటూ వెళ్లి చివరికి చక్రం బిగుసుకుపోతుంది. రాగి వైరులోని ఒక్క పోగుతో దాన్ని తెరవండి, డ్రిల్ బిట్ పెట్టి పెద్దది చేయకండి. లీవర్‌కీ పిస్టన్‌కీ మధ్య కొంచెం ఖాళీ కూడా ఉండాలి. కంపెనీవి కాక బయట కొన్న లీవర్లు వేసిన బండ్లలో ఈ ఖాళీ లేక పిస్టన్ ఎప్పుడూ రంధ్రాన్ని సగం మూసే ఉంచుతుంది.

అసలు నిష్పత్తి ఇప్పుడు చూద్దాం. మీ ప్రశ్నకి జవాబు ఎక్కువగా ఇక్కడే ఉంది. చేతి బలం ఎన్ని రెట్లు పెరుగుతుందో కాలిపర్ పిస్టన్ వైశాల్యాన్ని మాస్టర్ పిస్టన్ వైశాల్యంతో భాగిస్తే తెలుస్తుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి మాస్టర్లో ఒక మి.మీ. తేడా కూడా చేతికి తెలుస్తుంది. కాలిపర్ పిస్టన్ 38 మి.మీ. అనుకోండి, వైశాల్యం 1134 చదరపు మి.మీ. మాస్టర్ 5/8 అంగుళం, అంటే 15.9 మి.మీ. అయితే నిష్పత్తి 5.7. అదే 14 మి.మీ. అయితే 7.4. అర అంగుళం, అంటే 12.7 మి.మీ. అయితే దాదాపు 9. అంటే 5/8 నుంచి అర అంగుళానికి దిగితే అదే వేళ్ల బలానికి 56 శాతం ఎక్కువ పట్టు వస్తుంది. డిస్కు, కాలిపర్ అలాగే ఉంటాయి.

15.9 మి.మీ. మాస్టర్లు చాలావరకు రెండు డిస్కుల బండ్లవి. అక్కడ రెండు కాలిపర్లు కలిసి 2268 చదరపు మి.మీ. కాబట్టి నిష్పత్తి 11.5 వస్తుంది, సరిపోతుంది. దాన్నే ఒంటి డిస్కుకి బిగిస్తే సగానికి సగం పడిపోతుంది, లీవర్ మాత్రం రాయిలా, చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది. మీ బండికి ముందు ఎవరైనా మాస్టర్ మార్చారేమో చూడండి. చాలావాటి మీద సైజు పోతలోనే ఉంటుంది, లేకపోతే వెర్నియర్‌తో లోపలి వ్యాసం కొలవండి. ఫ్యాక్టరీ నుంచే ఇలా వచ్చిన బండ్లూ ఉన్నాయి. నార్టన్ కమాండో డిస్కు బ్రేకు మాస్టర్ 5/8 అంగుళం. దాన్ని 13 మి.మీ.కి స్లీవ్ వేయించడం (లోపల సన్నటి గొట్టం దించి వ్యాసం తగ్గించడం) ఆ బండి నడిపేవాళ్లందరికీ తెలిసిన చికిత్స. అక్కడ లాభం 49 శాతం.

ఇందులో ఉచితం ఏమీ లేదు. పట్టు ఎంత పెరిగితే లీవర్ ప్రయాణం అంత పెరుగుతుంది. మాస్టర్ చిన్నదై, హోసు పాతదైతే లీవర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. కాబట్టి స్టీల్ అల్లిక ఉన్న హోసు ముందు వేయండి, మాస్టర్ తర్వాత. పాత రబ్బరు హోసు నొక్కినప్పుడల్లా ఉబ్బి ప్రయాణాన్ని తినేస్తుంది. కొన్నిసార్లు లోపలి గోడ వాచి, ఆయిల్‌ని కిందికి పోనిచ్చి వెనక్కి రానివ్వదు. అప్పుడు కాలిపర్ పట్టేసిందని పొరబడతాం. ఇంకో సంగతి: లీవర్ పివట్ నుంచి పిస్టన్‌ని తోసే చోటికి దూరం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ఒకే సైజు మాస్టర్లు రెండు వేర్వేరుగా అనిపిస్తాయి.

ప్యాడ్ల విషయంలో డిస్కు లోహాన్ని బట్టి నిర్ణయించండి. అప్పటి జపాన్ బండ్లవి ఎక్కువగా స్టెయిన్‌లెస్ డిస్కులు. పాత ఆర్గానిక్ ప్యాడ్లతో (నార, రెసిన్ కలిపి చేసినవి) వానలో లీవర్ నొక్కిన తర్వాత ఒక క్షణం ఏమీ జరగనట్టే ఉండేది. సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసినవి) ఆ ఆలస్యాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ అవి వేడిని పిస్టన్ ద్వారా ఆయిల్‌కి ఎక్కువగా చేరవేస్తాయి, కాబట్టి ఆయిల్ తాజాగా ఉండాలి. పోత ఇనుము డిస్కుకి మాత్రం సింటర్డ్ వేయకండి, డిస్కుని తినేస్తాయి. దానికి ఆర్గానిక్ ప్యాడ్లే తడిలోనూ బాగా పట్టుకుంటాయి. రాత్రికి రాత్రి దాని మీద పట్టే తుప్పు మొదటి రెండు బ్రేకులకే పోతుంది, కంగారు పడక్కర్లేదు. ఆయిల్ తడిసిన ప్యాడ్లని కాల్చి, కడిగి మళ్లీ వాడే అలవాటు మానండి. డిస్కు మందం దాని మీద ముద్రించిన కనీస కొలత కంటే తక్కువైతే చర్చ లేదు, మార్చాలి. వంకర ఎంతుందో డయల్ గేజ్‌తో చూడండి, 0.3 మి.మీ. దాటితే లీవర్లో కొట్టుకోవడం తెలుస్తుంది. డిస్కుకి మీరే తూట్లు వేయించాలని అనుకుంటే నేను వద్దనే చెబుతాను, ముఖ్యంగా పోత ఇనుముకి. అంచు చెక్కని రంధ్రం నుంచే చీలిక మొదలవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా చాలదనిపిస్తే అప్పుడు కాలిపర్. ఎదురెదురు పిస్టన్ల కాలిపర్‌ని పోల్చేటప్పుడు ఒక పక్క పిస్టన్లే లెక్కపెట్టాలి. 34, 30 మి.మీ. పిస్టన్ల నాలుగు పిస్టన్ల కాలిపర్లో ఒక పక్క వైశాల్యం 1615. మీ 38 మి.మీ. పిస్టన్ కంటే 42 శాతం ఎక్కువ, నాలుగు రెట్లేం కాదు. 14 మి.మీ. మాస్టర్‌తో నిష్పత్తి 10.5 దగ్గరికి వస్తుంది. డిస్కు పెంచితే వచ్చేది ఇంకా తక్కువ. ప్యాడు ఎత్తు 30 మి.మీ. అనుకుంటే, 280 నుంచి 320కి వెళ్లినా పట్టు పనిచేసే వ్యాసార్ధం 125 నుంచి 145కి పెరుగుతుంది, అంటే 16 శాతం. వేడి తట్టుకోవడంలో మాత్రం పెద్ద డిస్కుకి లాభం ఉంది. పాత డిస్కు మందం కూడా చూసుకోండి. సీబీ750ది 7 మి.మీ. 5 మి.మీ. డిస్కుకి చేసిన కాలిపర్లో కొత్త ప్యాడ్లతో అది దూరదు.

బ్రాకెట్‌ని అట్టముక్కతో నమూనా చేసి, కొలిచి, మిల్లింగ్ చేయించండి. గట్టి రకం అల్యూమినియం, ఉదాహరణకి 7075, మందం 10 నుంచి 12 మి.మీ. దుకాణాల్లో దొరికే మెత్తటి అల్యూమినియం పట్టీ పనికిరాదు. బోల్టులు 8.8 గానీ 10.9 గానీ గ్రేడు ఉక్కువి. మెరుస్తుందని మామూలు స్టెయిన్‌లెస్ వేయకండి, ఏ2-70 రకం బలం 8.8 కంటే తక్కువ. ఫోర్కు పోత కాలికి వెల్డింగ్ జోలికి అసలే వెళ్లకండి. కాలిపర్ డిస్కుకి సరిగ్గా మధ్యలో ఉండాలి. రెండు పక్కలా ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలిచి, పల్చటి షిమ్ వాషర్లతో సర్దండి. చక్రం తిప్పి స్పోకులకి, ఫోర్కుకి తగలడం లేదని చూడండి.

ఫోర్కుకీ ఓ హద్దు ఉంది. పట్టంతా ఒకే కాలి మీద పడితే 35 మి.మీ. ఫోర్కు మెలిపడి హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది. ఫోర్కు బ్రేస్ (రెండు కాళ్లనీ కలిపి పట్టుకునే పట్టీ) కొంత ఆదుకుంటుంది. ఇంకా లాగితే అంత బ్రేకు ఆ ఫోర్కుకి తగనిదని ఒప్పుకోవాలి. రెండో కాలికి బ్రాకెట్ చెవులు ఉంటే రెండు డిస్కులు మంచి దారి, కానీ అప్పుడు మాస్టర్ మళ్లీ 15.9కి వెళ్లాలి.

బిగించేటప్పుడు బాంజో బోల్టు (హోసు కొసని బిగించే బోలు బోల్టు) మర పొరబడకండి. జపాన్ బండ్లలో ఎక్కువగా ఎం10, పిచ్ 1.25. చాలా యూరప్ కాలిపర్లలో పిచ్ 1.0. పాత బ్రిటిష్ వాటిలో అంగుళం కొలత 3/8. ఒకటి ఇంకోదాంట్లో రెండు మరలు దూరి ఆగుతుంది. అక్కడ బలవంతం చేస్తే కాలిపర్ మర పోతుంది. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయండి, ఒక్క హోసుకి రెండు, రెండు హోసులు ఒకే బోల్టుకైతే మూడు. హోసు పొడవు ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పినప్పుడు కొలవాలి.

ఆయిల్ డాట్ 4 చాలు. దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155కి పడిపోతుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. సిలికాన్ రకం డాట్ 5ని దీంతో కలపకూడదు. 5.1 వేరు, అది డాట్ 4 కుటుంబమే. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి. గాలి తీయడానికి 60 మి.లీ. సిరంజితో ఆయిల్‌ని కింద కాలిపర్ మీది నిపిల్ (గాలి తీసే చిన్న మర) నుంచి పైకి ఎక్కించడం సులువు, ఎందుకంటే బుడగ పైకే పోతుంది. రిజర్వాయర్ పొంగకుండా చూసుకోండి. నిపిల్ కాలిపర్‌కి పైన ఉండాలి. కాలిపర్‌ని అటుదిటు చేసి బిగించినవాళ్లు ఎంత కొట్టినా గాలి పోనిది ఇందుకే. చివరి బుడగ మాస్టర్ దగ్గర బాంజో వంపులో దాక్కుంటుంది. గుడ్డ చుట్టి, లీవర్ నొక్కి ఉంచి, ఆ బోల్టుని పావు తిప్పు వదిలి, వెంటనే బిగించండి. పాత మాస్టర్‌ని మార్చకుండానే గాలి తీస్తుంటే లీవర్ పూర్తిగా హ్యాండిల్ దాకా లాగకండి. ఎప్పుడూ సీలు వెళ్లని చోట తుప్పు ఉంటుంది, అది సీలుని కోసేస్తుంది.

కొత్త ప్యాడ్లు డిస్కుకి అమరడానికి, డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ఖాళీ రోడ్డు మీద పదిసార్లు మధ్యస్థంగా బ్రేకు వేసి 60 నుంచి 20 కి.మీ. వేగానికి తగ్గించండి. పూర్తిగా నిలపకండి, మధ్యమధ్య చల్లారనివ్వండి. ఆ తర్వాత చక్రం ఎత్తి తిప్పి చూడండి, ఒక చుట్టయినా తేలిగ్గా తిరగాలి. 50 కి.మీ. నడిచాక బ్రాకెట్ బోల్టులు, బాంజోలు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసి, తెల్లటి టిష్యూతో ప్రతి జాయింటూ తుడవండి. చెమ్మ కనిపిస్తే అదే బోల్టుని ఇంకా బిగించకండి, విప్పి వాషర్లు మార్చండి.