పితూరీ అనే రాయమ్మా

అమ్మాయీ,

నీ కథ అందింది. మూడో పేజీ దగ్గర ఒళ్ళు మండి, కాగితాలు మంచం మీద పడేసి, బీసెంట్ రోడ్డు చివరిదాకా నడిచొచ్చాను. ముసలమ్మ అంబలి కాస్తూ కళ్ళు తుడుచుకోవడం బాగుంది. సరే, ఆ పొగడ్త అయిపోయింది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషన్లో తుపాకులు ఎత్తుకెళ్ళాక, నీ హెడ్డు కానిస్టేబులు గూడెం గూడెం తిరుగుతూ "విప్లవకారులు ఎటెళ్ళారు?" అంటాడా? సర్కారు జీతగాడి నోట ఆ మాటా! "పితూరీవాళ్ళేరీ" అంటాడు. దొరల కాగితాల్లోనూ ఫితూరీయే. అరబ్బీ 'ఫుతూర్' అంటే నీరసం, సడలడం. ఉర్దూకొచ్చేసరికి చెడు, అల్లరి, గొడవ. మన దగ్గర సర్కారు మీద తిరగబడటం. సర్కారు బాగానే ఉందట, చెడింది వీళ్ళ బుర్రేనట. తీర్పంతా మాటలోనే ఉంది. 1879లో గోదావరి మన్యంలోని రంపలో జనం లేచిందెందుకు? ఎన్నో బాధలు, అందులో తమ చెట్టు కల్లుకి తామే చిగురుపన్ను కట్టాల్సి రావడం ఒకటి. దానికీ పితూరీ అనే పేరు. 1857నీ మనవాళ్ళు సిపాయిల పితూరీ అన్నారు.

గుంటూరు అరండల్‌పేటలో మా నాయనమ్మ "అన్న మీద పితూరీలు మోసుకురాకు" అని నా చెవి మెలేసేది. కొండల్లో తుపాకీ పట్టిన మాట వంటింట్లో చాడీ అయిపోయింది. పెద్దవాళ్ళ నిద్ర చెడగొట్టేవాడెవడైనా పితూరీవాడే కాబోలు.

ఒక వారపత్రిక ఎడిటరు నా కథలో పదకొండు చోట్ల ఈ మాట కొట్టేసి 'తిరుగుబాటు' అని దిద్దాడు. "పాఠకులు చాడీ అనుకుంటారండీ" అన్నాడు. గవర్నర్‌పేట మెస్సుకి అప్పట్లో నేను రెండు నెలల బాకీ. నోరు మూసుకుని పారితోషికం తీసుకున్నాను. ఆ సంచిక ఇప్పటికీ విప్పను. ఇప్పుడింకో పిచ్చి, కథలో కుక్క కూడా పోరాటయోధుడు అనే మొరుగుతుంది.

ముసలమ్మ మాత్రం ఆ మాట అనకూడదు. "పితూరీవాళ్ళేరీ?" అని వాడు గద్దిస్తే, "పిల్లలా బాబూ? అడ్డాకులకెళ్ళారు" అనాలి. కన్నీళ్ళు బాగున్నాయన్నాను గానీ అవీ తీసెయ్, అంబలి చాలు.

ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. మూడో పేజీ తిరగరాసి పంపు. వరసల మధ్య చోటు వదులు, నా చూపు తగ్గింది.

ఇట్లు,
మీ మాష్టారు